బొటనవేలి మొదట్లో నొప్పా? ముందు పట్టకారు పక్కన పెట్టండి

సీసా మూత తిప్పినా, తాళం తీసినా బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర కలుక్కుమంటే చాలామందిలో అది అక్కడి కీలు అరుగుదలే. పొద్దున్నే గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోయి, రెండు చేతుల కణుపులూ వాచి ఉంటే మాత్రం వేరే సంగతి. కీళ్లవాతం కావచ్చు, మందులు ఆలస్యం చేస్తే వేళ్లు వంకర్లు పోతాయి. ముందు డాక్టరుకు చూపించండి.

బొటనవేలి కొసతో కిలో బలంతో నొక్కితే, అడుగు కీలు మీద సుమారు 12 కిలోల భారం పడుతుంది. అందుకే ఆక్యుపేషనల్ థెరపీలో, అంటే రోజువారీ పనులు ఇబ్బంది లేకుండా చేసుకునేలా చూసే చికిత్సలో, మొదటి పని ఈ నొక్కుడు తగ్గించడం.

వంటింట్లో ఎక్కువ చెరుపు చేసేది పట్టకారు. గిన్నె బరువంతా బొటనవేలి మీదే. మసిగుడ్డలతో రెండు అరచేతులా పట్టి దించండి. గంజి వార్చే బదులు అత్తెసరు పెట్టుకుంటే ఇంకా నయం. బరంపురం వైపు అప్పడాలు ఒత్తేవాళ్లు కర్రను గుప్పిట పట్టకుండా, అరచేతులు చాచి దొర్లించాలి. పిండి దంచే పని ఇంకొకరికి వదిలేయాలి. తడిబట్టలు పిండొద్దు, నీళ్లోడుతున్నా దండెం మీద వేసేయండి. గరిటె, కత్తి పిడులకు గుడ్డ చుట్టి 3 సెంటీమీటర్ల లావు చేయండి. అంతకు బాగా మించితే వేళ్లు చుట్టూ అందక మళ్లీ బిగించి పట్టాల్సి వస్తుంది.

మణికట్టుకు చుట్టే క్రేప్ పట్టీ ఈ కీలును ఆపలేదు. కావలసింది బొటనవేలి అడుగును పట్టి ఉంచి, కొస కణుపును వదిలేసే చిన్న స్ప్లింట్. థెరపిస్టు థర్మోప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరిచి, మీ చేతిమీదే మలుస్తారు. కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థలో ఆక్యుపేషనల్ థెరపీ విభాగం ఉంది. విప్పిన 20 నిమిషాలకీ ఎర్రటి గుర్తు పోకపోతే అక్కడ ఒరుస్తున్నట్టే, సరిచేయించుకోండి. బరువు పనులప్పుడు తప్పనిసరిగా వేసుకోండి, రోజంతా మాత్రం వద్దు.

వ్యాయామానికి ముందు 10 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చేతులు ఉంచండి. కీలు ఎర్రగా వాచి ఉన్న రోజు కాపడం వద్దు. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లు నీళ్ల వేడిని ఇంట్లో వేరేవాళ్లతో చూపించుకోవాలి. తర్వాత గ్లాసు పట్టినట్టు బొటనవేలిని, చూపుడువేలిని గుండ్రంగా వంచి 5 సెకన్లు ఉంచండి, అలా 10 సార్లు. ఆపైన అరచేయి బల్లమీద ఆనించి, చూపుడువేలిని బొటనవేలి వైపు జరపండి, రెండో చేత్తో కొద్దిగా అడ్డుపెట్టండి. అప్పుడు పనిచేసే కండే ఈ కీలును నిలబెడుతుంది.

రబ్బరు బంతి పిసకమని అందరూ చెబుతారు. ఈ కీలు వదులైనవాళ్లకు అది పనికిరాదు, ఎముక ఇంకా పక్కకు జారుతుంది. ఏది చేసినా నొప్పి రెండు గంటలు దాటి ఉంటే, మర్నాడు సగమే చేయండి.