చెన్నై నుంచి అంటార్కిటికాకి: చలి సంగతి తర్వాత, ముందు ఇవి చూసుకోండి

అంటార్కిటికాకి యాత్రికుల నౌకలు తిరిగేది నవంబర్ నుంచి మార్చి వరకు. చెన్నైలోని మన తెలుగువాళ్ళలో ఎవరైనా వెళ్తున్నామంటే చుట్టాలు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "అంత చలి తట్టుకోగలరా?" ధనుర్మాసంలో గుడికెళ్ళడానికే మంకీ క్యాప్ తగిలించుకునే ఊళ్ళో ఆ భయం సహజమే. కానీ అక్కడి వేసవిలో అంటార్కిటికా ద్వీపకల్పం తీరాన ఉష్ణోగ్రత సున్నాకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సరైన బట్టలుంటే ఆ చలి పెద్ద సమస్య కాదు. అసలు ఇబ్బంది తడితో, కాలు జారడంతో, ఆస్పత్రి అందుబాటులో లేకపోవడంతో. అన్నిటికన్నా ముందు, చేతిలో ఉండాల్సిన కాగితం లేకపోవడంతో.

అందుకే కాగితాలతో మొదలుపెట్టండి. చాలా నౌకలు అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషువాయా నుంచి బయల్దేరతాయి. నౌక ఎక్కితే అర్జెంటీనా దాటినట్టే, తిరిగొస్తే మళ్ళీ ప్రవేశించినట్టే. కాబట్టి ఒక్కసారి ప్రవేశానికే వీసా తీసుకుని ఊరుకోకండి.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి చాలామంది మర్చిపోతారు. ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో మన ప్రభుత్వం అర్జెంటీనాని, బ్రెజిల్‌ని, ఇథియోపియాని చేర్చింది. సర్టిఫికెట్ లేకుండా అక్కణ్ణుంచి తిరిగొస్తే విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. చెన్నైలో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ టీకా వేస్తారు. వేసుకున్న పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. 60 దాటినవాళ్ళకి ఈ టీకాతో సైడ్ ఎఫెక్టుల ప్రమాదం కాస్త ఎక్కువ. గుడ్డు పడనివాళ్ళూ జాగ్రత్తపడాలి. ముందు మీ డాక్టర్‌ని అడిగి, తర్వాతే క్యూలో నిలబడండి.

ఇంకొకటి. 2022లో మన దేశం అంటార్కిటికా చట్టం చేసింది. దాని ప్రకారం అక్కడికి వెళ్ళే యాత్రకి మన ప్రభుత్వ అనుమతి గానీ, అంటార్కిటికా ఒప్పందంలో ఉన్న మరో దేశం అనుమతి గానీ ఉండాలి. మామూలుగా నౌక కంపెనీయే ఏదో ఒక దేశం నుంచి అనుమతి తెచ్చుకుంటుంది. ఏ దేశం ఇచ్చిందో ఏజెంటుని అడగండి. జవాబు తడబడుతూ వస్తే ఆ ఏజెంటుని వదిలేయండి. కంపెనీ ఐఏఏటీఓలో, అంటే అంటార్కిటికా యాత్రలు నడిపే కంపెనీల అంతర్జాతీయ సంఘంలో, ఉందో లేదో కూడా కనుక్కోండి. 1991లో ఏర్పడిన ఈ సంఘం నియమాల ప్రకారం ఒక చోట ఒకేసారి వంద మందికి మించి ప్రయాణికులు ఒడ్డున ఉండకూడదు, 500 మంది కన్నా ఎక్కువ ఉన్న నౌక అసలు ఎవర్నీ దించకూడదు. చిన్న నౌకకి డబ్బు ఎక్కువ పెట్టడంలో అర్థం ఇదే. వందలోపు మంది ఉంటే అందరూ కలిసి దిగొచ్చు. రెండొందల మంది ఉంటే మీ వంతు కోసం డెక్ మీద పడిగాపులు తప్పవు.

ఇన్సూరెన్స్ పాలసీ మీద "వరల్డ్‌వైడ్" అని ఉంటే చాలనుకోకండి. అంటార్కిటికా వర్తిస్తుందా, అక్కణ్ణుంచి రోగిని విమానంలో తరలించే ఖర్చు ఇస్తారా, వయసు పరిమితి ఎంత, ఈ మూడూ రాతపూర్వకంగా తెప్పించుకోండి. బీపీ, షుగర్, స్టెంట్ ఏదున్నా దాచొద్దు. దాచిన జబ్బే క్లెయిమ్ తిరస్కరించడానికి కారణమవుతుంది. నౌకలో డాక్టర్ ఉంటారు గానీ పరిస్థితి విషమిస్తే కింగ్ జార్జ్ దీవిలోని ఎయిర్‌స్ట్రిప్ దాకా చేరి, వాతావరణం అనుకూలిస్తేనే విమానం. రోజూ వేసుకునే మాత్రలు లెక్కకన్నా రెండు వారాలు ఎక్కువే పెట్టుకోండి, చేతి సంచిలోనే. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, ఒడ్డుకి తీసుకెళ్ళాల్సొస్తే ఒంటికి ఆనుకునే లోపలి జేబులో ఉంచండి.

ఉషువాయాకి కనీసం రెండు రోజులు ముందే చేరండి. బ్యూనస్ ఎయిర్స్‌లో మీరు దిగే విమానాశ్రయం ఒకటి, ఉషువాయా విమానం ఎక్కేది ఇంకొకటి కావచ్చు. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకి ట్రాఫిక్‌లో వెళ్ళాలి. దేశీయ విమానాల్లో లగేజి పరిమితి కూడా తక్కువ. సూట్‌కేస్ రాలేదని నౌక ఆగదు.

ఇక సముద్రం. దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న డ్రేక్ జలసంధి వెడల్పు సుమారు 800 కిలోమీటర్లు, దాటడానికి దాదాపు రెండు రోజులు. వాంతులు మొదలయ్యాక మాత్ర వేసుకుంటే నిలవదు, ముందే వేసుకోవాలి. మనకి దొరికే అవోమిన్ చాలామందికి సరిపోతుంది, నిద్రమత్తు మాత్రం వస్తుంది. చెవి వెనక అంటించే స్కోపోలమైన్ పట్టీ పెద్దవాళ్ళని తికమక పెట్టొచ్చు. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి పోవద్దు. గది నౌక మధ్యలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువ. బాల్కనీ గది ఫోటోల్లో బాగుంటుంది గానీ డ్రేక్‌లో ఉయ్యాల అనుభవం ఇచ్చేదీ అదే.

ఊగే నౌకలో దెబ్బలు తగిలేది ఎక్కువగా తలుపుల దగ్గర. చెయ్యి చౌకట్టు మీద పెట్టి నిలబడతాం, నౌక ఒరుగుతుంది, బరువైన తలుపు వచ్చి వేళ్ళ మీద పడుతుంది. హ్యాండిల్ తప్ప ఇంకేదీ పట్టుకోకండి. హవాయి చెప్పులు ఇంట్లోనే వదిలేసి, పట్టున్న బూట్లు వేసుకోండి. కాఫీ కప్పుతో మెట్లెక్కొద్దు, ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీదే ఉండాలి.

సేఫ్టీ డ్రిల్ అప్పుడు ఫోన్ చూసుకునేవాళ్ళు ప్రతి నౌకలోనూ ఉంటారు. 2007 నవంబర్‌లో ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న నౌక మంచుని ఢీకొని అక్కడే మునిగిపోయింది. అందులోని 154 మందీ లైఫ్‌బోట్లలో, రబ్బరు పడవల్లో గంటల తరబడి చలిలో గడిపి, ఇంకో నౌక వచ్చాక బయటపడ్డారు. మీ లైఫ్ జాకెట్, వెచ్చటి బట్టలు చీకట్లో కూడా చేతికందేలా ఉన్నాయా లేదా చూసుకోండి.

ఒడ్డుకి తీసుకెళ్ళేది జోడియాక్ అనే గాలి నింపిన రబ్బరు పడవ. అసలు జాగ్రత్త ఇక్కడే. నౌక మెట్ల చివర నిలబడితే పడవ ఒక నిమిషం మీ పాదాల ఎత్తుకి వస్తుంది, మరు నిమిషం అడుగు కిందికి పోతుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, కెమెరా బ్యాగులో, బ్యాగు వీపున. నావికుడు చెయ్యి చాపితే అరచేతిని కాకుండా అతని ముంజేతిని పట్టుకోవాలి, అతను మీ ముంజేతిని పట్టుకుంటాడు. తడి గ్లవ్ జారినా ఆ పట్టు జారదు. అతను "ఇప్పుడు" అన్నాకే అడుగు: ముందు రబ్బరు గట్టు మీద, తర్వాత లోపలికి, వెంటనే కూర్చోవడం. నిలబడి సెల్ఫీలు వద్దు. 2022లో ఎలిఫెంట్ దీవి దగ్గర ఇలాంటి పడవ తిరగబడి ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు.

దీనికి మోకాళ్ళు సిద్ధం కావాలి. రెండు మూడు నెలల ముందు నుంచీ సెయింట్ థామస్ మౌంట్ మెట్లు ఎక్కి దిగండి, దిగడం ముఖ్యం. వారానికి కొన్ని సాయంత్రాలు బెసంట్ నగర్ బీచ్‌లో తడి ఇసుక వదిలి పొడి ఇసుకలో నడవండి. కాలు దిగబడే మంచుకి చెన్నైలో దొరికే ప్రాక్టీసు అదే.

బట్టల్లో కాటన్ వద్దు, తడిస్తే ఆరదు. ఒంటికి అంటుకునే థర్మల్, పైన ఫ్లీస్, ఆ పైన నీళ్ళు చొరబడని పొర. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు బూటు లోపలికి దోపకండి, బయటికి వదలండి. లేకపోతే ప్యాంటు మీద పడిన అల నీళ్ళన్నీ బూట్లోకే. జాకెట్, రబ్బరు బూట్లు చాలా కంపెనీలు ఇస్తాయి, అడిగి కొనండి. నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి, మంచు మీంచి తిరిగొచ్చే ఎండ గడ్డం కిందా ముక్కు కిందా కాల్చేస్తుంది.

ఒడ్డున పెంగ్విన్‌కి ఐదు మీటర్ల దూరం పాటించాలి. అదే మీ దగ్గరికొస్తే కదలకుండా నిలబడండి. 2024 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ అంటార్కిటికా ప్రధాన భూభాగంలోనూ బయటపడింది. అందుకే, నేల మీది వైరస్ అంటుకోకుండా, కాళ్ళు లాగుతున్నాయని చతికిలబడటం, మోకాలు ఆనించడం, బ్యాగు కింద పెట్టడం ఏదీ కుదరదు. తినేవి ఒడ్డుకి తీసుకెళ్ళనివ్వరు. చెన్నైలో సర్దుకునేటప్పుడే పాత బ్యాగుల జేబులు, జిప్పులు, వెల్క్రో దులపండి, వీలైతే వాక్యూమ్ పెట్టండి. మన సంచుల మూలల్లో ఆవాలు, మెంతులు, గడ్డి గింజలు ఉండనే ఉంటాయి. బయట్నుంచి వచ్చిన ఒక రకం గడ్డి ఇప్పటికే కింగ్ జార్జ్ దీవిలో వేళ్ళూనుకుంది.

చివర్లో ఓ రోజు సున్నా డిగ్రీల నీళ్ళలో దూకే సరదా పెడతారు, నడుముకి తాడు కట్టి మరీ. చల్లనీళ్ళు తగలగానే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, "అంత దూరం వచ్చి దూకకపోతే ఎలా" అని పిల్లలు ఎంత రెచ్చగొట్టినా డెక్ మీదే నిలబడి వాళ్ళ ఫోటోలు తియ్యండి.