జిప్సం మోతాదు ప్రయోగం: రెండు గుంపులున్నప్పుడు మళ్ళు ఎక్కడ పెట్టాలి

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఎర్ర ఇసుక నేలల్లో వేరుశనగకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేయాలన్న సిఫారసు రైతులందరికీ తెలిసినదే. ఊడలు నేలలోకి దిగాక కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది కనుక, ఆ పొరలో కాల్షియం చాలకపోతే కాయలు తాలుగా మిగిలిపోతాయి. మోతాదు పెంచేకొద్దీ దిగుబడి మొదట వేగంగా పెరిగి, తరువాత మందగించి, ఒక హద్దు దగ్గర నిలిచిపోతుంది. మోతాదుకు దిగుబడి ఎలా మారుతుందో చూపే ఈ వంపు రెండు గుంపుల్లో, అంటే రెండు వేరుశనగ రకాల్లో గానీ జిప్సం వేసే రెండు పద్ధతుల్లో గానీ, వేరువేరుగా ఉండవచ్చునని అనుమానం ఉన్నప్పుడు, చేతిలో ఉన్న 30 మళ్ళను ఏ మోతాదులకు ఎన్నేసి కేటాయించాలన్నదే ఇక్కడి ప్రశ్న.

చాలామంది విద్యార్థులు 0, 100, 200, 300, 400 కిలోలని సమాన దూరాల్లో మోతాదులు రాసుకొని వస్తారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. పట్టికలో చూడడానికి ఇది ముచ్చటగా ఉంటుంది గానీ, వంపు చదునైపోయిన చోట మూడు మోతాదులు గుమిగూడి, అది నిటారుగా లేచే చోట ఒక్కటీ లేకుండా పోతుంది.

అందుకు బదులు ముందుగా ఒక అంచనా వేసుకోవాలి: హద్దు దాకా వచ్చే పెరుగుదలలో సరిగ్గా సగాన్ని ఇచ్చే మోతాదు ఎంత? దీనిని అర్ధ మోతాదు అందాం. అది 100 కిలోలనుకుంటే, 400 కిలోలు వేసినప్పుడు పెరుగుదలలో 80 శాతం వస్తుంది (మోతాదును, మోతాదు, అర్ధ మోతాదుల మొత్తంతో భాగిస్తే: 400/500). అందులో సగం, అంటే 40 శాతం, ఇచ్చే మోతాదు దాదాపు 67 కిలోలు. సున్నా, 67, 400 అనే ఈ మూడింటికే మళ్ళను సమానంగా పంచితే, హద్దు కలిగిన ఈ వంపు కొలతలు (జిప్సం లేనప్పటి దిగుబడి, హద్దు, అర్ధ మోతాదు) మొత్తం మీద అత్యంత కచ్చితంగా తేలుతాయి. సమాన దూరాల పద్ధతిలో 30 మళ్ళు ఇచ్చే సమాచారాన్ని ఇక్కడ సుమారు 23 మళ్ళే ఇస్తాయి. అర్ధ మోతాదు అంచనా కొంత తప్పినా కంగారు పడనక్కరలేదు. అది 50 నుంచి 200కు నాలుగింతలైనా, నడిమి మోతాదు 40 నుంచి 100 కిలోలకు మాత్రమే జరుగుతుంది.

ఇక గుంపుల సంగతి. మోతాదులు రాసుకోవడానికి ముందే ఆ రెండు గుంపులకు ఏది ఉమ్మడిగా ఉందో తేల్చుకోవాలి, ఎందుకంటే మళ్ళ పంపకం మొత్తం దాని మీదనే ఆధారపడి ఉంటుంది. గుంపులు నారాయణి, ధరణి వంటి రెండు రకాలైతే, జిప్సం వేయకపోయినా వాటి దిగుబడులు వేరు కనుక ఒకదాని కంట్రోల్ మడి (జిప్సం వేయని మడి) రెండోదానికి పనికిరాదు. అప్పుడు రకానికి మూడు మోతాదుల చొప్పున ఆరు ట్రీట్‌మెంట్లు (పోల్చి చూసే రకం-మోతాదు జతలు), ఐదు బ్లాకులు (ప్రతి ట్రీట్‌మెంటూ ఒక్కోసారి వచ్చే మళ్ళ వరుసలు) పెట్టుకోవాలి. 30 మళ్ళలో 10 కంట్రోల్‌కే పోతాయి.

అలా కాక, గుంపులు రెండు పద్ధతులైతే, అంటే మొత్తం జిప్సాన్ని ఊడలు దిగే దశలో ఒకేసారి వేయడం ఒకటి, సగం విత్తేటప్పుడూ సగం ఊడల దశలోనూ వేయడం మరొకటి అయితే, లెక్క మారుతుంది. సున్నా కిలోలను రెండు దఫాలుగా వేసినా సున్నాయే! అందువల్ల ఒకే కంట్రోల్ రెండింటికీ సరిపోతుంది. విత్తేటప్పుడు వేసిన దానిలో కొంత వానకు కాయల పొర దాటి కిందికి దిగిపోతుంది కనుక, రెండో పద్ధతికి అర్ధ మోతాదు 200 కిలోలని అంచనా వేస్తే, నడిమి మోతాదు 100 అవుతుంది. అప్పుడు ట్రీట్‌మెంట్లు ఐదే: కంట్రోల్, ఒకేసారి వేసే 67, 400 కిలోలు, రెండు దఫాలుగా వేసే 100, 400 కిలోలు. ఆరు బ్లాకుల్లో ఇవి 30 మళ్ళకు సరిగ్గా సరిపోతాయి. కంట్రోల్‌కు 10కి బదులు 6 మళ్ళే పట్టి, మిగిలిన నాలుగూ తేడా తేల్చే మోతాదులకు దక్కుతాయి.

గరిష్ఠ దిగుబడి కూడా రెండు పద్ధతులకూ ఒకటేనని ముందే తీర్మానించుకొని ఇంకా మళ్ళు మిగుల్చుకోవచ్చు గానీ, దానికి నేను ఒప్పుకోను. అది ప్రయోగం తేల్చవలసిన విషయం. చేను కట్ట వైపు వాలుగా ఉంటే బ్లాకులను వాలుకు అడ్డంగా వేయాలని వేరే చెప్పనక్కరలేదు.

మూడు మోతాదులతో ఒక లోపం ఉంది: వంపు నిజంగా మనం అనుకున్న ఆకారంలోనే ఉందో లేదో అవి చెప్పలేవు. అందుకని లెక్క ఒప్పుకోకపోయినా, రైతులు ఎలాగూ అడిగే 200 కిలోలను రెండు పద్ధతుల్లోనూ చేర్చి, బ్లాకుకు 7 మళ్ళ చొప్పున నాలుగు బ్లాకుల్లో 28 మళ్ళు వేయమంటాను. ఆ 200 కిలోల మళ్ళ సగటు, మిగిలిన మోతాదుల నుంచి గీసిన వంపుకు బాగా ఎడంగా పడితే, పద్ధతుల తేడా గురించి మాట్లాడే ముందు వంపు ఆకారాన్నే మార్చి చూడాలి.