పులి–మేక ఆట ఆడటం ఎలా?

పులి–మేకలో ఇద్దరి బలాలూ సమానం కావు. 3 పులులను నడిపేవారు మేకలను చంపాలి. 15 మేకలను నడిపేవారు పులులకు దారి లేకుండా కట్టివేయాలి. పాత దేవాలయాల మండపాలలో రాతి నేలపై చెక్కి ఉండే ఈ పటాన్ని సుద్దముక్కతో ఎక్కడైనా గీసుకోవచ్చు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు చాలు.

మొదట పైన ఒక కొన గుర్తించి, అక్కడి నుంచి నాలుగు గీతలు కిందికి విచ్చుకునేలా గీసి, వాటి చివరలను ఒక అడ్డగీతతో కలపండి. కొనకూ ఆ అడుగు గీతకూ మధ్య మరో మూడు అడ్డగీతలను, రెండు పక్కలా కాస్త బయటికి వచ్చేలా గీసి, ఎడమ కొసలను ఒక నిలువు గీతతోనూ కుడి కొసలను మరొక దానితోనూ కలపండి. గీతలు కలిసే చోట్లు 23 ఉండాలి.

ఒక పులిని కొన మీద, తక్కిన రెండింటిని మొదటి అడ్డగీతపై నడిమి గీతలు తగిలే చోట్ల పెట్టండి. (పులులను ఒక్కొక్కటిగా దించే పద్ధతీ ఉంది.) ఆ తరువాత వంతుకొక మేక దిగుతుంది, వంతుకొక పులి ఒక అడుగు కదులుతుంది. మేకలన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పక్కనున్న మేకకు అవతల, అదే గీతపై, ఖాళీ ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టో ముందే ఒప్పుకోండి. కొత్తవారికి అయిదు సరిపోతుంది.

మేకలవారు తొలి వంతులలోనే చూసుకోవలసిన చోట్లు ఏడు: కొన, పక్క నిలువు గీతల నాలుగు చివరలు, అడుగు గీత రెండు చివరలు. అక్కడ ప్రతి గీతా ముగిసిపోతుంది కనుక, అక్కడున్న మేక మీదుగా దూకడం ఏ పులికీ సాధ్యం కాదు. కొన మీద మొదటే పులి ఉంటుంది కాబట్టి మిగిలిన ఆరింటిని ముందు నింపి, ఆపై ప్రతి మేక వెనుకా మరో మేక ఉండేలా దించుతూ పోవాలి. ఒక్కటీ చావకుండా అన్నీ దిగితే పటంపై మిగిలే ఖాళీలు అయిదే, చచ్చిన ప్రతి మేకా పులులకు మరో ఖాళీ ఇస్తుంది. అందుకే ఎరగా మేకను వదిలే ఎత్తు కొత్తలో వద్దంటాను.

పులులవారు మూలలకు పోకూడదు. నిలువు గీత చివరనున్న పులిని కట్టడానికి నాలుగు మేకలు చాలు; కొన మీదున్న దానికి ఎనిమిది కావాలి. పులులను పక్కపక్కన నిలపడమూ నష్టమే, ఎందుకంటే పులి పులి మీదుగా దూకలేదు, మేకలవారు కాపలా పెట్టవలసిన మేకలు ఆ మేరకు తగ్గుతాయి.