పాస్‌వర్డ్ సరైనదే, లాగిన్ మాత్రం కాదు: నా సీ ప్రోగ్రామ్ అనుభవం

లినక్స్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగి సరిచూసే చిన్న సీ ప్రోగ్రామ్ రాశాను. పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా ప్రతిసారీ తప్పనే చెప్పేది. టైప్ చేసినదాన్ని చదివే ఎఫ్‌గెట్స్ ఫంక్షన్ చివర మిగిల్చే కొత్త లైను గుర్తును తీసేశాను, పోలిక రాసిన తీరు మార్చాను, రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజరుగా) నడిపాను, ఫలితం లేదు.

చివరికి, యూజర్ పేరిస్తే ఖాతా వివరాలు తెచ్చే గెట్‌పీడబ్ల్యూనామ్ ఫంక్షన్ ఏమిస్తోందో తెరపై ముద్రించి చూశాను. ఈ పని మొదటే చేయాల్సింది. పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట ఒకే ఒక్క ‘ఎక్స్’ అక్షరం! అసలు హ్యాష్ (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చిన అక్షరాల వరుస) ఉండేది షాడో అనే వేరే ఫైలులో. అందుకని ముందు, షాడోలోని వివరాలు తెచ్చే గెట్‌ఎస్‌పీనామ్‌ను పిలిచాను. అది నల్ (ఏమీ రాలేదని అర్థం) ఇస్తే అక్కడే ఆగేలా చేశాను. తర్వాత పాస్‌వర్డ్‌ను హ్యాష్‌గా మార్చే క్రిప్ట్ ఫంక్షన్‌కు మొదట యూజర్ టైప్ చేసిన పాస్‌వర్డ్, రెండోదిగా షాడోలోని హ్యాష్ మొత్తం అందించాను. కీలకం ఇక్కడే ఉంది: సాల్ట్‌ను (హ్యాష్ చేసేటప్పుడు పాస్‌వర్డ్‌కు కలిపే యాదృచ్ఛిక అక్షరాలను) విడదీయనక్కర లేదు. హ్యాష్ మొదట్లోనే పద్ధతి, సాల్ట్ ఉంటాయి, క్రిప్ట్ వాటిని తానే చదువుకుంటుంది. వచ్చిన ఫలితం నల్ కాదని చూసుకుని, షాడో హ్యాష్‌తో పోల్చాను. కంపైల్ చేసేటప్పుడు క్రిప్ట్ లైబ్రరీని లింక్ చేశాను. వెంటనే సరిపోయింది.

సాధారణ యూజరుగా నడిపితే షాడో ఫైలు తెరుచుకోదు. యూజర్ల వివరాలు ఎల్‌డాప్ వంటి కేంద్ర డైరెక్టరీ సర్వర్‌లో ఉన్నచోట ఈ పద్ధతి పనిచేయకపోవచ్చు. గడువు తీరిన ఖాతాలనూ ఇది పట్టుకోదు. అటువంటి అవసరానికి లాగిన్ తనిఖీలను చూసుకునే ప్యామ్ లైబ్రరీ మేలనుకుంటున్నాను.