బంకులో పేమెంట్ ఎక్కడ ఆగింది? సమస్య - పరిష్కారం

కొట్లో పేమెంట్ ఆగిపోతే సరుకు అక్కడే వదిలేసి వచ్చేయొచ్చు. ట్యాంకులో పడిన పెట్రోలును అలా వదిలి రాలేం. అందుకే బంకులో డబ్బు దగ్గర తేడా వస్తే ఇద్దరికీ టెన్షనే. బండివాడికి డబ్బు రెండుసార్లు పోతుందేమోనన్న భయం, బంకు కుర్రాడికి షిఫ్టు దిగేటప్పుడు లెక్క తగ్గితే తన జీతంలో కోస్తారేమోనన్న భయం. డబ్బు ఏ చోట ఆగిందో కనిపెట్టగలిగితే ఈ గొడవల్లో చాలా వరకు అక్కడికక్కడే తేలిపోతాయి.

సమస్య: "బావు, నా డబ్బులు కట్టయిపోనాయి, ఇక్కడ మోగలేదంటన్నారు"

ఉత్తరాంధ్రలో ఇటు నరసన్నపేట, టెక్కలి నుంచి అటు చీపురుపల్లి వరకు ఏ బంకులోనైనా వినిపించే మాట ఇది. దీనికి కారణాలు రెండు. యూపీఐలో మీ బ్యాంకు డబ్బు తీయడం ఒక పని, బంకువాళ్ల బ్యాంకు దాన్ని జమ చేయడం ఇంకో పని. మొదటిది జరిగి రెండోది ఆగితే మీకు మెసేజ్ వస్తుంది, అక్కడ జమ పడదు. రెండో కారణం ఇంకా చిన్నది. డబ్బు చేరే ఉంటుంది, సౌండ్ బాక్సు మోగి ఉండదు. అది సిగ్నల్ అందకపోయినా, ఛార్జింగ్ అయిపోయినా మోగదు. కాబట్టి మోగలేదు అంటే డబ్బు రాలేదని అర్థం కాదు.

ముందు మీ యాప్‌లో హిస్టరీ తెరవండి. సక్సెస్ అని ఉంటే అందులోని 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ పేమెంట్‌ను గుర్తుపట్టే నంబరు) చూపించి, బంకు ఖాతాలో చూడమని మేనేజర్‌ని అడగండి. మీ ఫోన్ స్క్రీన్ ఒక్కటే చూసి కుర్రాడు నమ్మకపోతే కోపం తెచ్చుకోవద్దు. నకిలీ స్క్రీన్లు చూపించి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు, ఆ నష్టం అతని మీదే పడుతుంది.

పెండింగ్ అని ఉంటే వెంటనే మళ్లీ స్కాన్ చేయకండి. డబ్బు రెండుసార్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. బండి పక్కకు తీసి కొన్ని నిమిషాలు ఆగండి. ఆగడం కుదరకపోతే క్యాష్ ఇవ్వండి, కానీ బిల్లు వెనక టైము, మొత్తం, యూటీఆర్ రాయించి మేనేజర్ సంతకం తీసుకోండి. ఆ పెండింగ్ తర్వాత సక్సెస్ అయితే ఆ డబ్బు బంకు మీకు తిరిగి ఇవ్వాలి. కాగితం లేకపోతే షిఫ్టు మారాక మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు.

డబ్బు కట్ అయి బంకుకు చేరకపోతే 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం మీకు అండ. పేమెంట్ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా ఆ డబ్బు దానంతట అదే మీ ఖాతాకు రావాలి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు ₹100 పరిహారం ఇవ్వాలి. రాకపోతే యాప్‌లో ఆ పేమెంట్ మీదే ఫిర్యాదు పెట్టి, తర్వాత బ్యాంకుకు రాసి ఇవ్వండి. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వివరాలకు రిజర్వ్ బ్యాంకు నంబరు 14448. కస్టమర్ కేర్ నంబరు కోసం మాత్రం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ మోసగాళ్ల నంబర్లు కూడా ఉంటాయి. డబ్బు వెనక్కి రావడానికి పిన్ కొట్టమంటే అది మోసమే. అలా పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సమస్య: స్కాన్ చేస్తే బంకు పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వస్తోంది

అది పనిచేసే కుర్రాడి సొంత ఖాతా కావచ్చు, బంకు ఓనరు పేరు కావచ్చు. అడిగి తెలుసుకునే దాకా పిన్ కొట్టకండి. సొంత ఖాతాకు పంపితే బంకు లెక్కలో అది కనబడదు, రేపు తేడా వస్తే అడిగే హక్కు బలహీనపడుతుంది.

సమస్య: యాప్ తిరుగుతూనే ఉంది

మందస, మెళియాపుట్టి కొండల వైపు వెళ్లే బండ్లకు కారణం చాలాసార్లు సిగ్నలే. ఊళ్లో సిగ్నల్ బాగానే ఉండి తిరుగుతుంటే మీ బ్యాంకు సర్వర్ మీద లోడు పడి ఉండొచ్చు. దీనికి నాకు బాగా నచ్చిన మందు యూపీఐ లైట్. ముందుగా ₹5,000 వరకు అందులో వేసుకుంటే, ఒక్కోసారి ₹1,000 దాకా పిన్ లేకుండా కట్టొచ్చు. ఆ క్షణంలో బ్యాంకు సర్వర్‌తో పని ఉండదు కాబట్టి బైకు, ఆటోవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. నెట్ మాత్రం ఉండాలి. ఫోన్ మార్చి యూపీఐ కొత్తగా పెట్టుకున్నవాళ్లకు మొదటి 24 గంటలు ₹5,000 దాటి వెళ్లదు, ట్యాంకు ఫుల్ అనే ముందు అది గుర్తుంచుకోండి.

ఇక 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు కరెంటు, సిగ్నల్ రెండూ తీసేసింది. అలాంటప్పుడు ఏ యాప్ పనికిరాదు. తుపాను హెచ్చరిక వినగానే ట్యాంకు నింపుకుని, వంద, రెండు వందల నోట్లు దగ్గర పెట్టుకోవాలి. చిల్లర దొరకని రోజులవి.

సమస్య: ₹2,000 బిల్లుకు క్రెడిట్ కార్డులో ₹2,023.60 పడింది

బంకువాళ్లు ఎక్కువ తీసుకోలేదు. అది క్రెడిట్ కార్డుతో పెట్రోలు కొడితే పడే 1 శాతం సర్‌చార్జి, దాని మీద 18 శాతం జీఎస్టీ. చాలా కార్డులు నిర్ణీత పరిధిలోని బిల్లులకు సర్‌చార్జిని తర్వాత స్టేట్‌మెంట్‌లో తిరిగి ఇస్తాయి. మీ కార్డు పరిధి బ్యాంకును అడగండి. స్వైప్ చేశాక డబ్బు కట్ అయి స్లిప్పు రాకపోతే, పైన చెప్పిన ఐదు రోజుల నియమమే దీనికీ వర్తిస్తుంది.

సమస్య: ఫ్లీట్ కార్డు తీసుకోవడం లేదు

ఫ్లీట్ కార్డంటే లారీ ఓనరు ముందుగా డబ్బు వేసి డ్రైవరుకిచ్చే ఆయిల్ కంపెనీ కార్డు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా హైవే మీద తిరిగే లారీ డ్రైవర్లకు ఇది తెలిసిన తలనొప్పే. ఇండియన్ ఆయిల్ కార్డు హెచ్‌పీ బంకులో చెల్లదు, ముందు బోర్డు చూడండి. కంపెనీ సరైనదే అయితే కార్డులో బ్యాలెన్స్ అయిపోయిందో, ఓనరు పెట్టిన లిమిట్ దాటిందో అయి ఉంటుంది. రెండూ ఓనరు చేతిలోని పనులే. కాబట్టి ఆయిల్ కొట్టించాక కాకుండా నాజిల్ పెట్టకముందే ఓనరుకు ఫోన్ చేసి, బ్యాలెన్స్ వేయించుకోండి లేదా లిమిట్ పెంచమనండి.