బొమ్మ ఇటుకల సినిమా చూపించేటప్పుడు తెర వైపు చూడకండి

లెగో బొమ్మలతో తీసిన స్టాప్ మోషన్ సినిమా (బొమ్మల్ని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫోటో తీసి వరసగా కలిపేది) ఇంట్లోవాళ్లకి చూపించి "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ "బాగుంది" అనే అంటారు. ఆ మాటతో మనకు ఒరిగేదేమీ లేదు. సినిమా నడుస్తున్నంతసేపూ పక్కకి జరిగి కూర్చుని వాళ్ల ముఖాలు చూడండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఫోన్ తీశారో ఆ సెకన్లు కాగితం మీద రాసుకోండి.

నా సినిమాలో బొమ్మ టోపీ ఎగిరిపోయే చోట అందరూ నవ్వారు, కానీ ఆ నవ్వులో తర్వాతి డైలాగ్ ఎవరికీ వినపడలేదు. మళ్లీ షూటింగ్ ఏమీ అక్కర్లేకపోయింది. సెకనుకి 12 ఫ్రేములతో, అంటే 12 ఫోటోలతో తీశాను కాబట్టి, టోపీ కిందపడ్డ ఫ్రేమునే ఎడిటింగ్‌లో ఇంకో 12 సార్లు పెట్టాను. ఒక సెకను ఆగింది, సరిపోయింది. ఈ బొమ్మల ముఖం కదలదు కదా, అలా బిగుసుకుపోయి నిలబడటమే ఇంకా నవ్వు తెప్పిస్తుంది!

"కళ్లు లాగుతున్నాయి" అని ఎవరైనా అంటే మాత్రం కథని అనుమానించకండి. చాలాసార్లు అది వెలుతురు మిణుకుమిణుకుమనడమే. కెమెరాలో ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఫోకస్ మూడూ ఆటోలో కాకుండా లాక్ చేసి, కిటికీ మూసి, కరెంటు దీపం వెలుగులోనే తీయండి. లేత రంగు చొక్కా కూడా వద్దు, దాని వెలుగు బొమ్మల మీద పడుతుంది.

చివర్లో అడగాల్సింది ఒకటే: "కథ ఏంటో నాకు చెప్పు." పిల్లలైతే అస్సలు మొహమాటపడరు.