క్లిక్ చేస్తే పెద్దదయ్యే చిన్న ఫొటో చుట్టూ అక్షరాలు అమర్చడం ఎలా?

పోస్టులో చిన్న ఫొటో ఒకటి పెడతాం. పేరాలో ఒక్క వరుస మాత్రం దాని అడుగుకు ఆనుకుని నిలబడుతుంది. మిగతాదంతా కిందికి జారిపోతుంది, పక్కన బోలెడు ఖాళీ. బ్రౌజర్ ఆ ఫొటోని కూడా ఒక పెద్ద అక్షరంలా లెక్కేసి వరుసలో కూర్చోబెట్టడమే దీనికి కారణం. ఆ వరుసలోంచి ఫొటోను పక్కకు జరిపేది 'ఫ్లోట్'. 1996లో వచ్చిన మొదటి సీఎస్‌ఎస్ (వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) నుంచీ ఉన్న సదుపాయమే ఇది.

ముందు ఫైలు సంగతి. నాలుగు వేల పిక్సెళ్ల ఫొటో ఎక్కించి, వెడల్పు 200 అని రాస్తే కంటికి చిన్నదవుతుందే తప్ప బరువు తగ్గదు. చదివేవాళ్ల డేటా అంతా దానికే పోతుంది. చిన్న ఫైలు వేరు, క్లిక్ చేస్తే తెరుచుకునే పెద్ద ఫైలు వేరు ఉండాలి. బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ ఈ సైజులు తనే తయారుచేస్తుంది. అందులో 150 పిక్సెళ్ల థంబ్‌నెయిల్ చతురస్రంగా కత్తిరించి ఇస్తుంది కాబట్టి, మ్యాపులకూ గ్రూప్ ఫొటోలకూ 300 పిక్సెళ్ల మీడియం సైజే నయం.

ఇప్పుడు ఫొటోని ఏ పేరా పక్కన చూపించాలో, ఆ పేరా మొదటి అక్షరం కంటే ముందు పెట్టండి. చాలామంది తడబడేది ఇక్కడే. పేరా చివర పెడితే ఫొటో పక్కకు తర్వాతి పేరా వచ్చి చేరుతుంది.

వర్డ్‌ప్రెస్‌లో ఫొటో మీద నొక్కి, లింక్ గుర్తులో ఫొటో ఫైలుకే లింక్ ఇచ్చే ఎంపికను పెట్టండి. తర్వాత అలైన్ గుర్తులో ఎడమ గానీ కుడి గానీ పెట్టండి. బ్లాగర్‌లో అయితే పెద్ద ఫొటోకి లింక్ దానంతటదే వస్తుంది, పక్క ఎంచుకుంటే చాలు.

కోడ్ చేత్తో రాసేవాళ్లు ఫ్లోట్‌ను ఫొటోకి కాకుండా దాన్ని చుట్టుకుని ఉన్న లింక్‌కి ఇవ్వండి. ఎడమవైపు ఫొటో అయితే కుడి మార్జిన్ (బయటి ఖాళీ) 16 పిక్సెళ్లు, కింద 8 సరిపోతాయి. తెలుగులో వత్తులూ గుణింతాలూ పైకీ కిందికీ సాగుతాయి కనుక కింద ఖాళీ అసలు లేకపోతే ఇరుకుగా కనిపిస్తుంది. ఈ ఖాళీని ప్యాడింగ్‌తో (లోపలి ఖాళీతో) మాత్రం ఇవ్వకండి. ప్యాడింగ్ లింక్‌లో భాగమే. పేజీ జరుపుతూ వేలు ఆ ఖాళీ చోట తగిలినా పెద్ద ఫొటో తెరుచుకుని, చదువుతున్నవాళ్ల ధ్యాస చెదిరిపోతుంది.

పేరా పొట్టిదైతే తర్వాతి శీర్షిక కూడా ఫొటో పక్కకి ఎక్కేస్తుంది. ఆ శీర్షికకి 'క్లియర్' విలువ 'బోత్' అని ఇస్తే ఫొటో కిందికి దిగుతుంది. ఫొటో పక్కన చుక్కల జాబితా వస్తుంటే ఫొటోని కుడివైపుకే పెట్టండి. ఎడమన ఉంటే చుక్కలు దాని మీదికెక్కుతాయి.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది ఫోన్ దగ్గర. 360 పిక్సెళ్ల స్క్రీన్‌లో రెండు అంచులకీ పదహారేసి పోతే మిగిలేది 328. అందులో ఫొటోకి 200, పక్క ఖాళీకి 16 తీసేస్తే అక్షరాలకి 112. 'అనుకుంటున్నప్పుడు' లాంటి మాట ఒక్కటి పడితే గొప్ప. పట్టకపోతే ఆ మాట ఏకంగా ఫొటో కిందికి వెళ్లిపోయి పక్కన గొయ్యిలా ఖాళీ ఉండిపోతుంది. మన మాటలు పొడుగు, మధ్యలో విరగవు. అందుకే స్క్రీన్ వెడల్పు 480 పిక్సెళ్లు దాటనప్పుడు ఫ్లోట్ తీసేసేలా మీడియా క్వెరీ (స్క్రీన్ వెడల్పును బట్టి వర్తించే సీఎస్‌ఎస్ నియమం) రాయండి. అప్పుడు ఫొటో పైన, పేరా కింద హాయిగా ఉంటాయి. రెండు అంచులూ సమంగా సర్దే జస్టిఫై కూడా వద్దు, ఇరుకు వరుసల్లో మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి.

ఆఖరుగా ఆల్ట్ వివరణ, అంటే ఫొటోకి బదులుగా చదివి వినిపించే మాటలు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఈ లింక్‌కి పేరుగా చదివేది దాన్నే. ఖాళీగా వదిలేస్తే వాళ్లకి ఫైలు పేరులోని అంకెలు వినిపించవచ్చు. 'గుడి గోపురం, పెద్ద ఫొటో' అని నాలుగు మాటలు రాస్తే, నొక్కితే ఏం తెరుచుకుంటుందో వాళ్లకీ తెలుస్తుంది.